ప్రపంచ మార్కెట్టు చీలిక: ముప్ఫైల నాటి అనుభవం

ప్రపంచ ఆర్థిక వ్యవస్థ ముక్కచెక్కలవుతున్నదనే మాట ఈనాడు అందరి నోటా వినిపిస్తున్నది. నిన్న మొన్నటిదాకా సరిహద్దులు లేని వ్యాపారమే మానవజాతికి మోక్షమని బోధించిన దేశాలే సుంకాల గోడలు లేపుతున్నాయి. పత్రికలలో ఆర్థిక నిపుణులు తలలు పట్టుకుంటున్నారు. మన మిత్రులలో మాత్రం రెండు రకాలవారు కనిపిస్తున్నారు. స్వేచ్ఛా వ్యాపారం పోతే ఇక దరిద్రమేనని నిపుణులతోపాటు వాపోయేవారు కొందరు. పోతే పోనీ, అది మన మార్కెట్టు ఎప్పుడయిందని సంబరపడేవారు మరికొందరు.

నిరుడు ఒక అధ్యయన తరగతిలో భీమవరం వైపు నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు లేచి, "మాస్టారూ, ప్రపంచ మార్కెట్టు బద్దలయితే సామ్రాజ్యవాదం బద్దలయినట్టే గదా, మనం దిగులు పడటం దేనికి?" అని అడిగాడు. ఆనాడు నేను ఇచ్చిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు. రెండు సూత్రాలు, నాలుగు పారిభాషిక పదాలు చెప్పి కూర్చున్నాను. చరిత్ర ఉపాధ్యాయుడు చేయవలసిన పని అది కాదు. ప్రపంచ మార్కెట్టు ఇంతకు మునుపే ఒకసారి బద్దలయింది. 1929 నుంచి 1939 దాకా జరిగిన ఆ కథలో మన జిల్లాలు కూడా పాత్రధారులే. ఆ సాక్ష్యాన్ని పరిశీలించి చెప్పవలసిన జవాబు ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. మన పల్లెలు స్వయంసమృద్ధంగా ఉండేవనీ, ప్రపంచ మార్కెట్టు మొన్న 1991లో వచ్చిపడిందనీ అనుకొనేవారు ఇంకా వున్నారు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందే రాయలసీమ మెట్టలలో పండిన వేరుశనగ మద్రాసు రాజధాని రేవులనుంచి ఓడలెక్కి ఫ్రాన్సులోని మార్సేల్ రేవులో దిగి, అక్కడి గానుగలలో నూనె అయ్యేది. కోరంగి, కాకినాడ రేవులనుంచి కూలీలు రంగూనుకు పోయేవారు. ఇరవైలలో గుంటూరు నేలలలో వర్జీనియా పొగాకు వేళ్లూనింది. డెల్టా వరికి ధర నిర్ణయించేది మన సంతలు కావు. రంగూను, సైగాను, బాంకాకు రేవుల ధరలు. అనంతపురం రైతుకు మార్సేల్ ఎక్కడున్నదో తెలియదు. మార్సేల్ దెబ్బ మాత్రం తగిలేది.

ఈ వ్యవస్థకు ఇరుసు బంగారు ప్రమాణం. దాని లోపలి నడక మనం గమనించవలసినది. భారతదేశం బ్రిటనుకు పెన్షన్ల పేర, అప్పుల మీద వడ్డీ పేర, 'హోం ఛార్జీల' పేర ఏటా కప్పం కట్టాలి. ఆ సొమ్ము బ్రిటనుతో వ్యాపారంలో వచ్చేది కాదు. మన జనుము, నూనెగింజలు, ప్రత్తి, తోళ్లు యూరపు దేశాలకూ, అమెరికాకూ, జపానుకూ పోయేవి. అక్కడ మిగిలిన సొమ్ముతో లండనులో కప్పం తీరేది. అంటే మన దాస్యం సైతం ప్రపంచమంతా ఒకే మార్కెట్టుగా ఉండటం మీద ఆధారపడి నడిచింది. ఆ మార్కెట్టు విరిగితే దాస్యం సడలుతుందా, బిగుస్తుందా? విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇదే అసలు రూపం.

విరిగిన తీరు చాలా పుస్తకాలలో వున్నది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల బజారు కూలింది. 1930 జూన్ 17న అధ్యక్షుడు హూవరు స్మూట్-హాలే సుంకాల చట్టం మీద సంతకం పెట్టాడు; వద్దని వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు రాసి పంపిన మహజరు చెత్తబుట్టలో పడింది. కెనడా మొదలైన దేశాలు ఎదురు సుంకాలు వేశాయి. 1931 మే నెలలో వియన్నాలోని క్రెడిట్ ఆన్‌స్టాల్ట్ బ్యాంకు దివాలా తీసింది. సెప్టెంబరు 21న బ్రిటను బంగారు ప్రమాణాన్ని వదిలింది, డిసెంబరులో జపాను వదిలింది. ఆనాటి నానాజాతి సమితి ప్రచురించిన పటం ఒకటి ప్రసిద్ధమైనది. నెలనెలా ప్రపంచ వ్యాపారం విలువను చక్రం మీద గుర్తిస్తే అది సాలెగూడు లాగా లోపలికి చుట్టుకుంటూ పోతుంది. 1929 జనవరిలో దాదాపు 300 కోట్ల డాలర్లున్న వ్యాపారం 1933 జనవరికి 100 కోట్ల లోపుకు దిగింది. అదే సంవత్సరం జూన్‌లో 66 దేశాలవారు లండనులో సమావేశమయ్యారు. రూజ్‌వెల్టు పంపిన ఒక్క సందేశంతో ఆ సభ చప్పబడిపోయింది.

ఇందులో ఒక్క మాట నొక్కి చెప్పాలి. సుంకాల వల్లనే మాంద్యం వచ్చిందని ఉదారవాద పండితులు బోధిస్తారు. నేను ఒప్పుకోను. వ్యవసాయపు సరుకుల ధరలు 1929కి మునుపే దిగజారటం మొదలుపెట్టాయి. జర్మనీకీ దక్షిణ అమెరికాకూ అప్పుల రూపంలో పారుతున్న అమెరికా పెట్టుబడి 1928లోనే వెనక్కు మళ్లింది. ఇల్లు అంటుకున్న తర్వాత ఎవరి గది తలుపు వారు బిగించుకున్నారు. తలుపులు బిగించటం వల్ల మంట పుట్టలేదు. అయితే ఏ గదిలో ఎవరు చిక్కుకున్నారన్నది మాత్రం తలుపులే నిర్ణయించాయి.

మనం చిక్కుకున్న గది సంగతి చూద్దాం.

1927లో రూపాయిని 1 షిల్లింగు 6 పెన్నీలకు బిగించారు. యుద్ధానికి ముందు అది 1 షిల్లింగు 4 పెన్నీలు. రూపాయి విలువ పెరిగితే ఇంగ్లీషు సరుకు ఇక్కడ చవక, మన సరుకు అక్కడ ప్రియం. లండనుకు కట్టవలసిన కప్పానికి తక్కువ రూపాయలు చాలు. దీనిమీద ఇరవైలలో మన నాయకులూ మిల్లు యజమానులూ గొడవపడ్డారు, ఓడిపోయారు. 1931 సెప్టెంబరు 21న బ్రిటను బంగారాన్ని వదిలినప్పుడు ఇక్కడి ప్రభుత్వం - వైస్రాయి విల్లింగ్‌డన్, ఆర్థిక సభ్యుడు జార్జి షుస్టరు - స్టెర్లింగు అమ్మే బాధ్యతనుంచి తప్పుకొంటూ ఆర్డినెన్సు తెచ్చింది. రూపాయిని దాని మానాన వదలాలని వారి ఉద్దేశం. అదే సమయంలో లండనులో భారత వ్యవహారాల మంత్రి శామ్యూల్ హోరు, రూపాయి స్టెర్లింగుతోనే పాత రేటున ముడిపడి వుంటుందని ప్రకటించాడు. సిమ్లా ఆర్డినెన్సు మూడు రోజులకే మారింది. భారతదేశాన్ని పాలించే ఇంగ్లీషువారికే రూపాయి మీద అధికారం లేదని ఆ మూడు రోజులూ రుజువు చేశాయి. ఇక డెల్టా రైతుకు ఏముంటుంది?

స్టెర్లింగు విలువ పడింది, దానితోపాటు రూపాయి పడింది, బంగారం ధర పెరిగింది. తులం 21 రూపాయల ప్రాంతాన వున్న బంగారం నాలుగేళ్లలో 30 దాటింది. అప్పటికి వరి ధర దాదాపు సగానికి పడిపోయి వున్నది. శిస్తు పడలేదు. వడ్డీ పడలేదు. పైగా సరిగ్గా ధరలు కూలుతున్న ఆ సంవత్సరాలలోనే కృష్ణా గోదావరి జిల్లాలలో శిస్తును రూపాయికి మూడణాల చొప్పున హెచ్చించే రీసెటిల్‌మెంటు రైతుల నెత్తిన పెట్టజూశారు. రైతులు సభలు పెట్టి, మహజర్లు పంపి, ఆ హెచ్చింపుతో కొన్నేళ్లపాటు పోరాడవలసివచ్చింది. చేతిలో నగదు లేనివాడికి ఇంట్లో మిగిలింది ఆడవాళ్ల మెడలోని బంగారం.

కృష్ణా డెల్టాలో మా తాతగారి పద్దు పుస్తకాలు నా దగ్గర వున్నాయి. పదెకరాల సొంత మాగాణి, కొంత భూమి కౌలుకివ్వటం, ఇద్దరు పాలేర్లు - పేదవాడు కాదు, గొప్పవాడూ కాదు. 1932 నాటి పుస్తకంలో కిస్తీ గడువుకు ముందు రోజున ఒక పంక్తి వున్నది: కాసులపేరు అమ్మకం. ఎవరిదో రాయలేదు, రాయనక్కర లేదు. మా నాయనమ్మ నా చిన్నతనంలో ఆ కాసులపేరును చనిపోయిన మనిషిని తలచుకున్నట్టు తలచుకునేది. ఆమెకు తెలియని సంగతి ఏమంటే, ఆ కాసులు బందరు షావుకారు చేతినుంచి బొంబాయికి, బొంబాయినుంచి ఓడలో లండనుకు పోయాయి. 1931-32 మొదలు ఆ దశకం చివరికి దేశంనుంచి 300 కోట్ల రూపాయలకు పైగా విలువ చేసే బంగారం అలా తరలిపోయింది. ఎగుమతిని ఆపమని కాంగ్రెసువారూ వర్తక సంఘాలవారూ మొత్తుకున్నారు. ప్రజలు మంచి ధరకు లాభానికి అమ్ముకుంటున్నారని ప్రభుత్వం జవాబు చెప్పింది. మా నాయనమ్మ లాభం!

విరిగిన త్రికోణ వ్యాపారం స్థానంలో ఈ బంగారం వచ్చి నిలిచింది. యూరపు మార్కెట్టులో మన సరుకు అమ్ముడుపోకపోయినా లండను కప్పం ఒక్క సంవత్సరం తప్పలేదు. స్టెర్లింగుకు బలం చేకూరింది. ప్రపంచ మార్కెట్టు చీలితే సామ్రాజ్యపు కట్టు వదులవుతుందని అనుకొనేవారు ఈ ఒక్క సంగతిని జీర్ణించుకోవాలి. బయటి దారులు మూసుకుపోయినకొద్దీ లోపలి కట్టు బిగిసింది.

1932 జూలై-ఆగస్టులలో కెనడాలోని ఒట్టావాలో జరిగిన సామ్రాజ్య ఆర్థిక మహాసభ ఆ కట్టుకు చట్టరూపం ఇచ్చింది. సామ్రాజ్యంలోని దేశాలు ఒకరి సరుకుకు ఒకరు సుంకం తగ్గించుకోవాలి, బయటివారికి పెంచాలి. మన తరఫున వెళ్లిన బృందానికి అతుల్ చటర్జీ నాయకుడు. పంపింది మాత్రం ప్రజలు కాదు. 1936లో కేంద్ర శాసనసభ ఆ ఒడంబడికను రద్దు చేయమని తీర్మానించింది. 1939లో మరో పేరుతో మరో ఒడంబడిక వచ్చింది.

ఈ గోడల ఆటలో వేరుశనగ కథ నాకు ఎక్కువ పాఠం చెప్పింది. ఫ్రాన్సుకు కూడా ఒక సామ్రాజ్యం వున్నది. దాని పశ్చిమాఫ్రికా వలస సెనెగాల్‌లో రైతులచేత వేరుశనగ పండించేవారు. మాంద్యంలో ధర కూలగానే ఫ్రాన్సు 1933లో తన వలస గింజను కాపాడే పేర ఇతర దేశాల నూనెగింజల మీద సుంకం వేసింది. రాయలసీమ గింజకు మార్సేల్ తలుపు ఇరుకయింది. మరి సెనెగాల్ రైతు బాగుపడ్డాడా? అతని నేల మరింతగా వేరుశనగకే అంకితమయింది. తిండికి సొంత జొన్నా సజ్జా చాలక, ఫ్రెంచివారు మరో వలస అయిన ఇండోచైనానుంచి తెచ్చి అమ్మే నూకల మీద ఆధారపడ్డాడు. గోడకు అవతల వున్నవాడికి మార్కెట్టు పోయింది. గోడ లోపల వున్నవాడికి తన తిండిగింజ పోయింది. ఈ నూకల సంగతి గుర్తు పెట్టుకోమని పాఠకులను కోరుతున్నాను. మళ్లీ దాని దగ్గరకు రావలసి వున్నది.

ఇక బర్మా. 1937 దాకా అది ఇండియాలో భాగమే. యూరపులో బియ్యానికి గిరాకీ తగ్గగానే బర్మా బియ్యం మద్రాసు తీరానికి ఎక్కువగా మళ్లింది. సయాం నూకలు కూడా దిగాయి. మన వరి ధర ఇంకా కుంగింది. సుంకం వేయమని డెల్టా భూస్వాములు కోరారు. 1935లో నూకల మీద వేశారు. ఆ నూకలు తిని బతికే కూలివాళ్లను ఎవరూ అడగలేదు.

రంగూనులో ఇంతకన్న ఘోరం జరిగింది. ఓడరేవులో బరువులు మోసేవారు ఎక్కువమంది తెలుగువారు. అక్కడివారు వారిని కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె చేశారు. స్టీమరు కంపెనీలు బర్మా కూలీలను పెట్టి పని జరిపించాయి. సమ్మె పరిష్కారం కాగానే ఆ బర్మావారిని పొమ్మన్నాయి. మే 26న ఇద్దరికీ రేవులో మొదలైన తగాదా నగరమంతా పాకి, వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో అత్యధికులు మనవారే. ఆ ఏడాది డిసెంబరులో తారవడ్డి జిల్లాలో సయా సాన్ నాయకత్వాన బర్మా రైతులు తిరుగుబాటు చేశారు. ధరలు పడి అప్పు తీర్చలేక వారు పోగొట్టుకున్న పొలాలు చెట్టియార్ల చేతికి పోయాయి. దిగువ బర్మాలో చెట్టియార్ల భూమి 1930లో నూటికి 6 వంతులు. 1937 నాటికి నూటికి 25 వంతులు. ఈ లెక్క ముందుపెట్టుకుని చూస్తే బర్మా రైతుకు మన దేశస్థుల మీద ద్వేషం ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. అయితే కత్తి దెబ్బ తిన్నది వడ్డీ వ్యాపారి కాదు; పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటిన తెలుగు కూలీ.

మనకు వలస ప్రభుత్వం వున్నది కాబట్టి ఇలా జరిగింది, సొంత జెండా వున్నవారి గతి వేరుగా వుండేదని కొందరనవచ్చు. కొంతవరకు నిజం. బ్రెజిలు తన అప్పుల చెల్లింపు ఆపింది, నాణెం విలువ తగ్గించింది, ధర నిలబెట్టటానికి కోట్ల బస్తాల కాఫీని తానే కొని తగలబెట్టింది. కాఫీ తగలబెట్టటం పెట్టుబడిదారీ విధానపు పిచ్చికి ఉదాహరణగా మన పాత వ్యాసాలలో కనబడుతుంది. పిచ్చే, కాని ఆ కొనుగోలు ద్వారా డబ్బు జనంలోకి ప్రవహించి అక్కడి పరిశ్రమలు ఇతర దేశాల కంటె ముందు కోలుకున్నాయని తర్వాతి పరిశోధకులు చూపించారు. మెక్సికోలో కార్డెనాస్ ప్రభుత్వం 1938 మార్చి 18న విదేశీ చమురు కంపెనీలను జాతీయం చేసింది. ప్రపంచపు కట్టు సడలినప్పుడు దొరికే సందు అది. అర్జెంటీనాకు కూడా సొంత జెండాయే వున్నది. దాని గొడ్డుమాంసానికి బ్రిటను తప్ప వేరే కొనుగోలుదారు లేడు. కొనేది కూడా అక్కడి పశుక్షేత్రాల ప్రభువుల దగ్గర. వారి మార్కెట్టు నిలబెట్టుకోవటానికి 1933లో రోకా-రన్సిమన్ ఒడంబడిక కింద ఆ దేశం బ్రిటిషు సరుకుకూ, పెట్టుబడికీ ఇచ్చిన రాయితీలు వలస దేశాలను తలపిస్తాయి. జెండా వున్నా పగ్గం పశుక్షేత్రాల ప్రభువుల చేతిలో వున్నది.

బల్గేరియా, హంగరీ, యుగోస్లావియాల మాట ఇంకొకటి. వారి గోధుమా పొగాకూ కొనేవారు లేని రోజులలో నాజీ జర్మనీ మంచి ధరకు కొన్నది. కాని డబ్బు బెర్లిను ఖాతాలలోనే వుంటుంది. దానితో అవసరం వున్నా లేకపోయినా జర్మను సరుకే కొనాలి. షాఖ్త్ 1934లో పెట్టిన పద్ధతి అది. 1938 నాటికి బల్గేరియా ఎగుమతులలో సగానికి పైగా జర్మనీకే పోతున్నాయి. ఎవరూ కొనని సరుకును ఒకడు కొనటానికి వచ్చినప్పుడు వాడి మొహం చూడని రైతు ఎక్కడా వుండడు. ఆ ఖాతా యుద్ధంలో తేలింది.

సోవియట్ యూనియన్ గురించి మాట్లాడకుండా దాటిపోవటం నిజాయితీ కాదు. పెట్టుబడిదారీ లోకం మునిగిపోతుంటే పంచవర్ష ప్రణాళికతో ఆ దేశం ఫ్యాక్టరీలు కడుతున్నదని మన పెద్దలు గర్వంగా చెప్పేవారు. ఫ్యాక్టరీలు కట్టిన మాట వాస్తవం. వాటి యంత్రాలు జర్మనీనుంచీ అమెరికానుంచీ కొన్నారు. వెల ధాన్యం రూపంలో కట్టారు. ధాన్యం ధర ప్రపంచంలో కూలినకొద్దీ ఒక యంత్రానికి మరిన్ని బస్తాలు పంపవలసివచ్చింది. ఆ బస్తాలు రైతు కొట్టునుంచి బలవంతంగా వచ్చాయి. 1932-33లో ఉక్రెయినులో, కజకస్తానులో, వోల్గా ప్రాంతంలో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. ఇది శత్రువుల ప్రచారమని నేను కూడా ఒకప్పుడు తరగతిలో చెప్పాను. తప్పు చెప్పాను.

చీలికవల్ల లాభపడినవారు మన దేశంలో లేకపోలేదు. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ సుంకం ఇచ్చాక, 30 చిల్లర వున్న మిల్లులు అయిదేళ్లలో 130 దాటాయి. సిమెంటు, నూలు మిల్లులు పెరిగాయి. 1933లో జపాను బట్టమీద సుంకం నూటికి 75 దాకా పోయింది. కోపంతో జపాను మన ప్రత్తి కొనటం మానింది. బట్ట గోడ మిల్లు యజమానికి దక్కింది, బహిష్కారం ప్రత్తి రైతుకు దక్కింది. రక్షణ సుంకం వద్దని నేను అనటం లేదు. అది లేకుండా ఏ వెనుకబడిన దేశమూ పరిశ్రమలు పెట్టలేదు. కాని 'దేశానికి రక్షణ' అన్నప్పుడు దేశం అనే మాటలో ఎవరున్నారో విడదీసి చూడకపోతే మనం చరిత్ర చదివి ప్రయోజనం లేదు.

ఇక్కడ మళ్లీ మా తాతగారి పుస్తకం తెరవాలి. పైనుంచి వచ్చిన దెబ్బను ఆయన ఎలా కాచుకున్నాడు? కౌలుదారు దగ్గర నగదు కౌలు ఒక్క రూపాయి తగ్గించలేదు. ధర సగమయితే అదే రూపాయికి కౌలుదారు రెట్టింపు ధాన్యం కొలవాలి. పాలేర్ల జీతం గింజల్లో కాబట్టి దానిని ముట్టుకోలేదు. కాని జబ్బుకు, పెళ్లికి, పండుగకు వారు తీసుకున్న అప్పు మీద వడ్డీ రాశాడు. లండను సిమ్లాను నొక్కింది, సిమ్లా కలెక్టరును, కలెక్టరు మా తాతను, మా తాత తన కౌలుదారును. ఆయన దుర్మార్గుడు కాదు. ఖద్దరు కట్టాడు, ఉప్పు సత్యాగ్రహానికి చందా ఇచ్చాడు. నష్టం ఎక్కడ పుట్టినా, దానిని కిందికి తోసే హక్కు ఎవరికి వున్నదో వారు తోస్తారు. కింద ఇంకెవరూ లేనివాడి దగ్గర అది ఆగుతుంది.

అది ఎదురుతిరిగిన సందర్భాలు కూడా ఆ దశకంలోనే వున్నాయి. మద్రాసు రాజధానిలో గ్రామీణ రుణం 1930లో 150 కోట్లని బ్యాంకింగు విచారణ సంఘం అంచనా కట్టింది. 1935లో సత్యనాథన్ నివేదిక సుమారు 200 కోట్లన్నది. జమీందారీ రైతుల దుస్థితిని గురించి ఎన్. జి. రంగాగారు పుస్తకం రాశారు. సుందరయ్యగారు తన స్వగ్రామం అలగానిపాడులో వ్యవసాయ కూలీలను కూడగట్టారు. 1937-38లో ఇచ్ఛాపురంనుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచింది. 1938లో రాజాజీ మంత్రివర్గం రుణ విమోచన చట్టం తెచ్చింది: 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు. అదే సంవత్సరం ప్రకాశంగారి సంఘం జమీందారీల మీద నివేదిక ఇచ్చింది. ఇవేవీ ప్రపంచ మార్కెట్టు విరగటం వల్ల వాటంతట అవి రాలేదు. కాలినడకన వచ్చాయి.

యుద్ధం ఇంకా ముగియకముందే 1944లో 44 దేశాలు బ్రెటన్ వుడ్స్‌లో కూర్చుని డాలరు ఇరుసుగా మార్కెట్టును తిరిగి అతికించిన కథ మరోసారి చెప్పుకోవచ్చు. మనకు అవసరమైనది ఒక్కటే. తర్వాతి కాలంలో లోకం రెండు శిబిరాలుగా చీలినప్పుడు, ఆ చీలికను మన ప్రభుత్వం వాడుకోగలిగింది. భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్‌తో ఒప్పందం కుదిరింది. రూర్కెలాకు జర్మన్లు, దుర్గాపూరుకు ఇంగ్లీషువారు ముందుకు వచ్చారు. విశాఖ ఉక్కుకు కూడా 1979లో సోవియట్ సహాయం తీసుకున్నారు; కాని ఆ కర్మాగారం మాస్కోలో పుట్టలేదు, 1966లో 32 మంది ప్రాణాలిచ్చిన ఆందోళనలో పుట్టింది. లోకం చీలటం ఒక అవకాశం. దానిని పట్టుకొనే చెయ్యి లోపలినుంచే రావాలి.

ఇప్పుడు వర్తమానం. 2008 సంక్షోభం తర్వాత ప్రపంచ ఉత్పత్తిలో వ్యాపారం వాటా పెరగటం ఆగింది. 2018లో అమెరికా చైనా సరుకు మీద సుంకాలు మొదలుపెట్టింది. 2019 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీళ్ల మండలి, సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవటంతో పనిచేయలేని స్థితికి వచ్చింది. 2022లో యుద్ధం రాగానే రష్యాకు చెందిన సుమారు 30 వేల కోట్ల డాలర్ల నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. 2025 ఏప్రిల్‌లో అమెరికా దాదాపు లోకమంతటి మీదా సుంకాలు ప్రకటించింది. ఆగస్టు 27న భారతదేశపు సరుకుల మీద అది 50 శాతానికి చేరింది.

1930లతో దీనికి పోలిక వున్నది, తేడా కూడా వున్నది. ఆనాడు వ్యాపారమే కుప్పకూలింది. ఈనాడు అది దారి మళ్లుతున్నది. చైనాలో తయారైన భాగాలు వియత్నాములోనో మెక్సికోలోనో బిగించబడి అమెరికా చేరుతున్నాయి. ఒక ఫోను పది దేశాలలో తయారయ్యే కాలంలో పూర్తి గోడ కట్టటం సామ్రాజ్యవాదులకే చేతకాని పని. డాలరును తిట్టుకుంటూనే దేశాలు తమ నిల్వలలో సగానికి పైగా అందులోనే దాచుకుంటున్నాయి. కాబట్టి రేపే అంతా బద్దలవుతుందనే జోస్యం నేను చెప్పను. దీర్ఘకాలం పాటు సందులున్న గోడలు, ప్రతి సందు దగ్గరా ఒక దళారి, ప్రతి రాజ్యం చేతిలో మునుపటి కంటె ఎక్కువ అధికారం - నాకు కనిపిస్తున్న రూపం ఇది. చీలిక తీవ్రమైతే ప్రపంచ ఉత్పత్తిలో నూటికి 7 వంతుల దాకా నష్టం రావచ్చని 2023లో అంతర్జాతీయ ద్రవ్యనిధి పరిశోధకులు లెక్కకట్టారు. నూటికి ఏడు అంటే అందరికీ తలా ఏడు కాదు.

ఆ విద్యార్థిది భీమవరం ప్రాంతమని చెప్పాను. అతని తండ్రి చెరువు కౌలుకు తీసుకుని రొయ్యలు పెంచుతాడు. మన దేశపు రొయ్యల ఎగుమతిలో ఆంధ్రదే పెద్ద వాటా. కొనేవారిలో అమెరికాయే పెద్దది. 2025 ఏప్రిల్‌లో సుంకం ప్రకటన వెలువడగానే, అది ఇంకా అమలులోకి రాకముందే, చెరువు గట్టుమీద ధర పడిపోయింది. మేత ధర, కరెంటు, చెరువు కౌలు పడలేదు. మా తాత పుస్తకంలోని పుట ఒకటి చిరిగి వచ్చి ఆ గట్టుమీద వాలినట్టున్నది. అక్కడ రొయ్యల తలలు తీసే షెడ్లలో రోజుకూలికి పనిచేసే ఆడవాళ్లకు ఎన్ని పనిదినాలు తగ్గాయో అడిగితే ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు, ఎందుకంటే నేను వెళ్లి అడగలేదు.

మనం దెబ్బ తినేవారమే కాదు, కొట్టేవారం కూడా. ప్రపంచ బియ్యపు ఎగుమతిలో సుమారు 40 శాతం మన దేశానిది. ఇంట్లో ధరలు పెరుగుతాయని 2022 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించింది. 2023 జూలైలో బాసుమతి కాని తెల్లబియ్యాన్ని నిషేధించింది. 2024లో తెల్లబియ్యం మీది నిషేధం ఎత్తివేసింది. 2023లో ప్రపంచ బియ్యం ధర దాదాపు పదిహేనేళ్లలో లేనంత ఎత్తుకు పోయింది. మన నూకలు కొనేవారిలో ముఖ్యమైన దేశాలలో సెనెగాల్ ఒకటి - ఫ్రెంచి వేరుశనగ కోసం సొంత సజ్జ వదులుకుని నూకలకు అలవాటుపడిన ఆ సెనెగాలే. ఈ నిషేధం మీద మన వామపక్ష పత్రికలలో ధాన్యపు ధర గురించి, మిల్లర్ల గురించి వాదనలు చదివాను. డాకారులో నూకలు కొనుక్కునే ఇల్లాలి గురించి ఒక్క వాక్యం చదవలేదు. అనంతపురం వేరుశనగ రైతుకు 1933లో సెనెగాల్ పేరు తెలియకపోవటంలో ఆశ్చర్యం లేదు. మనకు అలాంటి సాకు లేదు.

విద్యార్థి మిత్రుడికి నా జవాబు ఇంత మాత్రమే. మార్కెట్టు చీలితే సామ్రాజ్యవాదం చీలదు. అది తన పట్టును దగ్గరకు లాక్కుంటుంది. చీలిక ఇచ్చే సందులో ఒక దేశం ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ దేశంలో ఎవరు పీల్చుకుంటారన్నది మరో పోరాటం. ప్రతి సుంకం, ప్రతి నిషేధం, ప్రతి స్వదేశీ పథకం వచ్చినప్పుడు మీ జిల్లాలో నష్టం ఏ మెట్టుమీద ఆగిందో మీరే వెళ్లి చూసి రాయండి. 1930ల గురించి ఆ పని చేయటానికి మనకు రంగాగారి పుస్తకం, సత్యనాథన్ నివేదిక, కొన్ని పద్దు పుస్తకాలు మిగిలాయి. కూలీలు రాసుకున్న పద్దులు మిగల్లేదు.

మా తాతగారి 1938 నాటి పుస్తకంలో, కొత్త చట్టం కింద షావుకారు బాకీలో వడ్డీ కొట్టివేయబడినట్టు ఎర్ర సిరాతో రాసి వున్నది. పక్కన ఏ దేవుడికో మొక్కు చెల్లించిన ఖర్చు కూడా వున్నది. ఆ చట్టం భూమి మీద ఏదో ఒక హక్కు వున్నవారికే వర్తిస్తుంది. పాలేరు బాకీ అదే పుస్తకం చివరి పుటలో అసలూ వడ్డీతో కలిపి కూడి, 1939 పుస్తకం మొదటి పుటలోకి ఎక్కించి వున్నది.